నూట ఎనభై ఆరో లైటు

లచ్చయ్యను ఆస్పత్రి బండి ఎక్కించేసరికి నిన్న సాయంత్రం ఆరు దాటింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగిందన్నారు. ఆ కాలు విరగడానికి కారణం సక్కుబాయి కంప్యూటర్‌లో కొట్టిన ఒక్క నంబరు.

సక్కుబాయి బెల్లంపల్లి బడిలో నా దగ్గర మూడేళ్లు లెక్కలు చదువుకుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఎం.టెక్. రెండో ఏడు. గనిలోకి దిగే మనుషుల హాజరును కంపెనీ ఈ మధ్యే కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఆ పద్ధతిని ఎంతవరకు నమ్మవచ్చో పరీక్షించడం ఆమె ప్రాజెక్టు. ఎవరైనా, ఏ బల్ల ముందు కూర్చునైనా, ఎవరి నంబరైనా కొట్టవచ్చునని ఆమెకు రెండో రోజే తెలిసిపోయింది. ముగ్గురు క్లర్కులకూ కలిపి ఒకటే పాస్‌వర్డ్, అదీ అట్టముక్క మీద రాసి తెర పక్కన అతికించి ఉంది.

మేనేజరు రామేశ్వర్‌రావుకు ఆ లోపాన్ని కళ్లకు కట్టినట్టు చూపించాలనుకుంది. నిన్న పొద్దున షిఫ్టు మొదలవకముందే తన తండ్రి దశరథం నంబరు కొట్టింది. దశరథం గనిలో నీళ్లు తోడే పంపు నడుపుతాడు. నిన్న పనికి పోలేదు, ఎమ్మార్వో ఆఫీసుకు పోయాడు. దిగని మనిషిని దిగినట్టు చూపించి, మేనేజరు ఎదుటే తుడిచేయాలని ఆమె ఆలోచన. మేనేజరు మీటింగుకు వెళ్లాడు; ఆయన తిరిగి రాకముందే షిఫ్టు అయిపోయింది. అందరూ పైకి వచ్చారు. ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడంది కంప్యూటర్. సైరన్ మోగింది. దశరథం పని చేసే పంపు వైపు వెతకడానికి దిగినవాళ్లకు దారి మధ్యలో కప్పు అప్పటికే కూలి కనిపించింది; అక్కడే ఇంకో పెళ్ల ఊడి లచ్చయ్య కాలు మీద పడింది.

అప్పుడే సక్కుబాయి గని ముందుకు పరుగెత్తుకొచ్చింది. లోపల ఎవరూ లేరని, ఆ నంబరు తానే కొట్టానని అందరి ముందూ చెప్పింది. ఒక మనిషి సైకిల్ మీద పోయి, దశరథం ఇంట్లో అన్నం తింటుండగా చూసి వచ్చాడు. వెతకడం ఆపేశారు.

ఈ పొద్దున పదిన్నరకు మేనేజరు పిలిపించాడు. నన్ను పిలవలేదు. దశరథమే ఇంటికి వచ్చి, "సార్, మీరు జర తోడు రాండ్రి. ఇంగ్లీషు కాయితాలుంటయట," అన్నాడు. రెండేళ్ల కిందట ఆ పిల్లను హైదరాబాద్ పంపమని ఇదే మనిషిని ఒప్పించింది నేనే. బడికి సెలవు చీటీ రాసి పంపి, బయల్దేరాను.

ఆఫీసు వరండాలో మాకంటే ముందే ప్రొఫెసర్ ప్రమోదిని ఉన్నారు. రాత్రి ఫోన్ అందగానే రైలెక్కారట. యాభై దాటిన మనిషి. కరీంనగర్ పక్క భూములున్న ఇంట్లో పుట్టి, చదువు కోసం ఇంటివాళ్లతో కొట్లాడి హైదరాబాద్ చేరారని సక్కుబాయి చెబుతుండేది. కంప్యూటర్ భద్రత మీద పరిశోధన చేయించడం ఆమె పని. సక్కుబాయిని పిహెచ్‌.డి.లో చేర్చుకోవాలని ఏడాదిగా పట్టుబట్టి ఉన్నారు. ఇంటర్వ్యూ సోమవారం. ఇవాళ గురువారం.

సక్కుబాయి ఆమె ముఖం చూడలేదు. "మేడం, నాకీ పని వద్దు. లచ్చయ్య కాక కాలు చూసినంక నాకు నిద్ర పట్టలే. ఏదన్న బళ్లె పాఠాలు చెప్పుకుంట బతుకుత," అంది.

బడి పంతులు పని ఆమె నోట ఒక శిక్షలా వినిపించింది.

"చెప్పుకుందువు తియ్యి," అన్నారు ప్రమోదిని. "ముందు నేను చెప్పేది విను. తాళం ఎట్ల తెరుచుకుంటదో నీకు నేర్పిన. తెరిచేముందు ఇంటాయన దగ్గర రాసి తీసుకోవాలని నేర్పలే. నా దగ్గరున్న తతిమా పిల్లలకు అది నేర్పే అవసరం పడలే. వాళ్ల బాపులో మామలో ఫోన్ చేసి మాట్లాడుకుంటరు. నీకోసం ఫోన్ చేసెటోళ్లు లేరని నాకు తట్టలే. తప్పుల సగం నాది."

"సగం మీరు తీస్కుంటె కాక కాలు అతుక్కుంటదా మేడం?"

"అతుక్కోదు."

బొగ్గు లారీ ఒకటి గేటు దాటి పోయింది. తర్వాత సక్కుబాయే అడిగింది.

"అంతమంది ఉండంగ నన్నే ఎందుకు పట్టుకున్నరు మేడం? క్లాసుల నా పేరు పిలిస్తెనే నవ్వుతరు. ముసలవ్వ పేరట."

"నవ్వనియ్. మొదటేడు నేనొక ప్రశ్న ఇచ్చిన, యాదికున్నదా? మనిషిని యంత్రం ఎట్ల గుర్తుపట్టాలె అని. అందరు పాస్‌వర్డుల ఎన్ని అక్షరాలుండాలె అని రాసిన్రు. నువ్వొక్కదానివి మీ బొగ్గుబాయి కాడి నంబరు బిళ్ళల సంగతి రాసినవు. అన్న బిళ్ళ తమ్ముడు తెస్తడు, ల్యాంప్‌రూం ఆయన చూసీ చూడనట్టు ఉంటడు, ఒకరి బదులు ఒకరు దిగుతరు, అయినా సాయంత్రానికి లెక్క తప్పదు అని. గా పేపరు నేను ఇంకా దాచిపెట్టిన. కిటికీ లోపట కూసున్నోళ్లు పద్ధతులు తయారు చేస్తరు సక్కూ. అవి ఏడ తెగుతయో కిటికీ బయట నిలబడ్డోళ్లకు తెలుస్తది. బయట నిలబడ్డోళ్లు ఈ చదువుకు రాకపోతే, ఇవి ఇట్లనే తెగుతనే ఉంటయి."

దశరథం ఒక స్తంభానికి ఆనుకుని నిలబడి వింటున్నాడు. చేయి మాటిమాటికీ చొక్కా జేబు మీదికి పోతోంది. అందులో నిన్న ఎమ్మార్వో సంతకం చేసిచ్చిన సర్టిఫికెట్ ఉంది. అది లేకపోతే సక్కుబాయికి ఫెలోషిప్ రాదు. ఆ కాగితాన్ని అతను ఇంట్లో పెట్టి రాలేకపోయాడు.

ప్యూను పిలిచాడు.

రామేశ్వర్‌రావు చెడ్డవాడు కాదు. ఆ సంగతి ముందే చెప్పాలి. వర్షాకాలంలో గని గోడలు తడిస్తే రాత్రింబవళ్లు లోపలే ఉండే మనిషి. కానీ నిన్నటి నుంచి ఏరియా ఆఫీసు ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది. వచ్చే నెలలో ఇదే పద్ధతిని మిగతా గనులకు పెట్టబోతున్నారు. మొదట ఈ గనిలో పెట్టి, బాగా నడుస్తోందని రాసిచ్చింది ఆయనే.

ప్రమోదినికీ నాకూ కుర్చీలు చూపించాడు. ఆమె ఊరు, ఇంటిపేరు అడిగి, "మాది గూడ కరీంనగర్ దిక్కే మేడం. ఎక్కడన్న చుట్టరికం కలుస్తదేమో," అన్నాడు. తండ్రీ కూతుళ్లు నిలబడే ఉన్నారు. ప్రమోదిని గోడవారగా ఉన్న కుర్చీని లాగి, "కూసో," అన్నారు సక్కుబాయితో. తండ్రి నిలబడి ఉండగా ఆ పిల్ల కూర్చోలేదు.

బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. నేను చదివి దశరథానికి తెలుగులో చెప్పాను. మూడే వాక్యాలు. అనుమతి లేకుండా, ఆకతాయితనంతో, కంపెనీ కంప్యూటర్‌లో తప్పుడు వివరం నమోదు చేశాను. కంప్యూటర్ పద్ధతిలో ఎలాంటి లోపమూ లేదు. ఇకమీదట ఇలాంటి పరీక్షలు ఎక్కడా చేయను.

"సంతకం పెడితే ఇక్కడికి ఖతం," అన్నాడు మేనేజరు. "పోలీసులుండరు. దశరథానికి చార్జిషీటు ఉండది. యూనివర్సిటీకి ఉత్తరం పోదు. పెట్టకపోతే మూడూ అయితయి. నా చేతిల లేదు."

సక్కుబాయి కాగితం చూస్తూనే అడిగింది. "అనుమతి లేకుండ అని రాసిన్రు. సోమారం నాడు మిమ్ములను అడిగిన కద సార్?"

"అడిగినవు."

"చేసి చూపియ్ చూద్దాం అన్నరు."

"నవ్వుకుంట అన్న. నవ్వితే పర్మిషన్ ఇచ్చినట్టా?"

"నాకు మీ నవ్వే పెద్ద పర్మిషన్ అనిపిచ్చింది సార్. మా ఇండ్లల్ల సార్లు నవ్వి చెప్తె సరే అన్నట్టే."

మేనేజరు ముఖం కొంచెం ఎర్రబడింది. ప్రమోదిని ముందుకు వంగారు. "రెండో వాక్యం కొట్టెయ్యండి రామేశ్వర్‌రావు గారూ. మిగతా రెండిటి కింద నేను కూడ సంతకం పెడ్త."

"గా రెండోదే కావాలె మేడం. తతిమాయి లేకున్నా నడుస్తది."

"అది అబద్ధం కద?"

"ఒక పోరి ఉత్తుత్త నంబర్ కొడితే మనిషి కాలు ఇరిగింది. మీరు నాకు అబద్ధాల సంగతి చెప్తున్నరు."

సక్కుబాయి తల వంచుకుంది. దశరథం గొంతు సవరించుకుని, "పెట్టు బిడ్డా. ఏమైతది, ఒక సంతకం. పెట్టేసి పోదాం పా," అన్నాడు. అతని గొంతులో భయం ఉంది. కూతురి మీద కేసు పడుతుందన్న భయమే అనుకున్నాను.

ఆమె పెన్ను తీసుకుంది. ఆమె ఎడమచేత్తో రాస్తుంది. ఎనిమిదో తరగతిలో ఒక మాస్టారు ఆ చేతి మీద కొట్టి మాన్పించబోతే, ఏడ్చుకుంటూ మా ఇంటికి వచ్చింది. నా భార్య అన్నం పెట్టి, ఎడమచేత్తోనే రాసుకో పో, అని పంపింది. ఆమె చనిపోయి ఏడు నెలలైంది. ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోయాక మాటను నోట్లోనే ఉంచుకోవడం నాకు అలవాటైంది. ఆ గదిలో కూడా అలాగే ఉంచుకున్నాను. వద్దని ఒక్క మాట అని ఉండాల్సింది.

"ఒక్క నిమిషం," అన్నాడు మేనేజరు. "ఫైలుకు ఒక సాక్ష్యం కావాలె. హనుమండ్లును పిలువు."

హనుమండ్లు ల్యాంప్‌రూంలో ముప్పై ఏళ్లుగా పని చేస్తున్నాడు. గనిలో దిగే ప్రతి మనిషీ అతని కిటికీ దగ్గర టోపీ లైటు తీసుకుని దిగుతాడు, పైకి వచ్చాక అక్కడే అప్పజెబుతాడు. పోయిన నెల దాకా, లైటు తీసుకునేటప్పుడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి పోయేవాడు. ఆ బిళ్ళలన్నీ ఒక చెక్క పలకకు వేలాడేవి. సాయంత్రం పలక మీద బిళ్ళ మిగిలితే ఎవరు రాలేదో వెంటనే తెలిసేది. కంప్యూటర్ వచ్చాక బిళ్ళలు తీసేశారు. ఇప్పుడు కిటికీలోకి చేయి వస్తుంది, ఆ చేతిలోకి లైటు పోతుంది. అంతే.

హనుమండ్లు టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"నిన్న మొదటి షిఫ్టుల దశరథం నీ కాడికి వచ్చిండా?"

"రాలే సార్."

"పక్కానా? మొఖాలు చూడవు కద ఇప్పుడు?"

"చూడ సార్. కాని దశరథం వస్తె సున్నం అడగకుంట పోడు. ముప్పై ఏండ్ల సంది నా డబ్బిల సున్నమే తింటున్నడు. ఒక్కనాడు కొన్నది లేదు."

మేనేజరు కూడా నవ్వాడు. దశరథం నవ్వలేదు. సక్కుబాయి పెన్ను కాగితం మీద ఆనించి, ఏదో మర్యాదకు అడిగినట్టు అడిగింది.

"మామా, నిన్న ఆ షిఫ్టుల ఎన్ని లైట్లు పోయినయి?"

"నూట ఎనభై ఆరు బిడ్డా."

"ఎన్ని వాపసొచ్చినయి?"

"నూట ఎనభై అయిదు."

"కంప్యూటర్ల గూడ గంతే," అన్నాడు మేనేజరు. ముందున్న అచ్చు కాగితాన్ని తట్టాడు. "దిగినోళ్లు నూట ఎనభై ఆరు. ఎక్కినోళ్లు నూట ఎనభై అయిదు. రెండూ సరిపోయినయి. ఇగ సంతకం కానియ్."

సక్కుబాయి పెన్ను పైకి లేపింది.

"సరిపోవద్దు సార్."

"ఏంది?"

"సరిపోవద్దు. కంప్యూటర్ల ఉన్న నూట ఎనభై ఆరుల ఒకటి నేను ఉత్తగ కొట్టింది. మా బాపు లైటు తీస్కోలే. మామ గిప్పుడే చెప్పిండు. అట్లయితే లైట్లు నూట ఎనభై అయిదే పోవాలె. ఇంకొకటి ఎవల చేతికి పోయింది?"

నేను ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఇది మూడో తరగతి తీసివేత. నిన్నటి నుంచి ఆ రెండు అంకెలూ ఈ గనిలో అందరికీ తెలుసు. ఒక్కరమూ తీసివేసి చూడలేదు.

"హనుమండ్లూ, లైటు ఒకటి రాలేదని నిన్న ఎందుకు చెప్పలే?" మేనేజరు గొంతు పెరిగింది.

"చెప్పిన సార్. టైమాఫీసుల క్లర్కులకు చెప్పిన. కంప్యూటర్ గూడ ఒకటే రాలే అంటుంది, సరిపాయె పో అన్నరు. ఎనుక మల్ల కంప్యూటర్ తప్పు, లోపట ఎవలు లేరు అన్నరు. గంత పెద్ద కంప్యూటరే తప్పంటె నా లెక్క ఒప్పెట్లయితది సార్? నేనే తప్పు లెక్కపెట్టిన అనుకున్న. రాత్రి రెండు మాట్ల లెక్కపెట్టిన. రెండు మాట్ల గంతే వచ్చింది. ముసలోన్నయిన, కండ్లు పోయినయి అనుకున్న." అతను టోపీని నలుపుతున్నాడు. "బిళ్ళలుంటె పలక చూసి నంబర్ చెప్పేటోన్ని. బిళ్ళలు తియ్యమంటిరి."

"ఎవడో ఇంటికి తీస్కపోయి ఉంటడు," అన్నాడు మేనేజరు. "కరెంటు పోతే పిల్లలకు పనికొస్తదని. ఇది మొదటిసారా?"

"కాదు సార్. శానసార్లు పోయినయి."

"మరి?"

"సైరన్ మోగియ్యండి సార్," అంది సక్కుబాయి.

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. కోపంతో కాదు. ఆ మాట ఎంత బరువైందో తెలిసినవాడిలా లేచాడు. "నిన్న మోగిచ్చినం. నువ్వే ఉరికొచ్చి, లోపట ఎవరు లేరు అన్నవు. నీ మాట మీదనే మనుషులను ఎనుకకు పిలిచిన. ఇయ్యాల ఉన్నరంటున్నవు. ఏది నమ్మాలె? గా పంపు దారిల కప్పు కూలుతుంది. నీ లెక్క మీద మల్ల పదిమందిని పంపితే, ఇంకొకని పానం పోతే, ఎవరిది?"

"నాది సార్."

"నోటితోని అందరంటరు. రాసిస్తవా?"

ఆమె టైపు చేసిన కాగితాన్ని వెనక్కి తిప్పింది. ఖాళీగా ఉన్న వైపు రాయడం మొదలుపెట్టింది. తెలుగులో, గుండ్రటి అక్షరాలతో. నేను పక్కనుంచి చదివాను.

నిన్న మా నాయన నంబరు నేనే కొట్టాను. లోపల ఎవరూ లేరని చెప్పింది కూడా నేనే. నంబరు కొట్టడం కంటే ఆ మాట చెప్పడం పెద్ద తప్పు. తెలుసుకోకుండా చెప్పాను. లోపల ఒక మనిషి ఉన్నాడు. ఆయన

అక్కడ చేయి ఆగింది.

"పేరు లేని మనిషిని క్లర్కు దిగనియ్యడు," అంది తనలో తాను చెప్పుకున్నట్టు. "ప్రతి మనిషికి నంబర్ అడుగుతడు. దిగనిచ్చిండంటే ఆ నంబర్ అప్పటికే తెర మీద కనబడి ఉండాలె. ఎక్కిచ్చే ఉన్నది పో అని ఉంటడు. ఉత్తగ కనబడ్డ నంబర్ ఒక్కటే ఉన్నది."

ఆమె మెల్లగా తండ్రి వైపు తిరిగింది.

"బాపూ, నిన్న నువ్వు ఎమ్మార్వో ఆఫీసుల ఉన్నప్పుడు, నీ పంపు కాడ ఎవలున్నరు?"

దశరథం చేయి జేబు మీద అలాగే ఉండిపోయింది. సిరిసిల్లలో మగ్గం వదిలి వాళ్ల నాయన ఇక్కడికి వచ్చిననాటి నుంచి, ఆ ఇంట్లో ఎవరూ ఈ ఆఫీసులో గొంతెత్తలేదు.

"లీవు పెట్టిన అని చెప్పినవు నాకు."

"లీవులు అయిపోయినయి బిడ్డా," అన్నాడు చివరికి. "నాగా పడితే మల్ల నోటీసిస్తమన్నరు. ఎమ్మార్వో నిన్ననే రమ్మనె. సోమారానికి నీకు కాయితం కావాల్నాయె." ఆగాడు. "అంతయ్యను పంపిన."

"అంతయ్య మామనా?"

"ఒక్క పూట నా పంపు కాడ కూసో అన్న. మునుపు చేసిన పనే గద. అందరు పంపుతరు గట్ల, నేనొక్కన్నే కాదు. షిఫ్టు దిగంగనే నస్పూర్ బస్సెక్కి పోతడు ఎప్పటికి. పోయిండనుకున్న. సైరన్ మోగినంక సైకిల్ మీద వచ్చినాయనను గూడ అడిగిన, అందరొచ్చిన్రా అని. నువ్వొక్కనివే రాలే అన్నరు. నేను ఇంట్ల ఉంటిని. ఇగ లోపట ఎవలుంటరు అనుకున్న." అతను మేనేజరు వైపు చూడలేదు, కూతురినే చూస్తున్నాడు. "నువ్వు గూడ ఎవలు లేరంటివి బిడ్డా. నువ్వు సదువుకున్నదానివి."

సక్కుబాయి బల్ల అంచు పట్టుకుంది.

అంతయ్య ఆమె తల్లి శంకరవ్వకు తమ్ముడు. భార్య చనిపోయాక నస్పూర్‌లో ఒక్కడే ఉంటున్నాడు. ఒంటరి మనిషి ఒక రాత్రి ఇంటికి రాకపోతే, ఏడీ అని అడిగేవాళ్లుండరు. ఈ ఏడు నెలల్లో నాకూ ఆ సంగతి అర్థమైంది. నిన్న పొద్దున ఏడింటికి దిగిన మనిషి. ఇప్పుడు పదకొండు దాటింది. ఇరవై ఎనిమిది గంటలు.

"ఏం మాట్లాడుతున్నవో తెలుసా దశరథం?" మేనేజరు గొంతు బాగా తగ్గింది. "ఒకరి బదులు ఒకన్ని దింపితే డిస్మిస్. ఇందరి ముంగట ఒప్పుకున్నవు. నేను ఇననట్టు ఉండలేను."

"తెలుసు సార్."

సక్కుబాయి మళ్లీ కాగితం మీదికి వంగింది. ఆగిన చోట మేనమామ పేరు రాసింది. కింద సంతకం పెట్టి, తేదీ, టైము వేసింది. ఆ కాగితం యూనివర్సిటీకి చేరితే సోమవారం నాటి ఇంటర్వ్యూలో ఎవరూ ఆమెను కూర్చోమని కూడా అనరు. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు.

ప్రమోదిని చేయి చాపి పెన్ను తీసుకున్నారు. సక్కుబాయి సంతకం కింద, ఈమె నా పని మీద వచ్చింది, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాల్సింది నేను, అని రాసి సంతకం చేశారు.

"మేడం, మీ ఉద్యోగం..." అంది సక్కుబాయి.

"నాకు లీవులు శాన ఉన్నయి," అన్నారామె.

మేనేజరు కాగితం అందుకున్నాడు. వెనక వైపు చదివాడు. ముందువైపు తిప్పి, తాను టైపు చేయించిన మూడు వాక్యాలూ చూశాడు. దాన్ని బల్ల మీద పెట్టి ఫోన్ ఎత్తాడు.

"సైరన్ కొట్టు. అవును, మల్ల కొట్టు. రెస్క్యూ వాళ్లందరు కావాలె. దక్షిణం పంపు కాడ మనిషున్నడు. ఆ పంపు కాడి ఫోను బాగు చేసిన్రా? మూడు నెలల సంది ఇదే మాట చెప్తున్నవు."

దశరథం అప్పటికే గుమ్మం దగ్గరున్నాడు. "నువ్వెటు?" అన్నాడు మేనేజరు.

"కప్పు కూలిన దారి కాక పంపుకు ఇంకో పాత దారున్నది సార్. వంగి పోవాలె. నాకు తప్ప ఎవలకు తెల్వది. డిస్మిస్ కాయితం వచ్చినంక ఇయ్యండ్రి." వెళ్లిపోయాడు. హనుమండ్లు అతని వెంట పరుగెత్తాడు, లైటు ఇవ్వడానికి.

సైరన్ మొదలైంది. కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. కాలనీ వైపు నుంచి ఆడవాళ్ల గొంతులు వినిపించాయి. నిన్న ఉత్తదే అన్నారు కదా, ఇవాళ మళ్లీ ఏమిటి, అని ఎవరో అరుస్తున్నారు.

మేనేజరు ఇంకో నంబరు తిప్పాడు. గనికి కరెంటు పంపే సబ్‌స్టేషన్. దక్షిణం పంపు ఒక్క పూటే నడుస్తుంది. నిన్న మధ్యాహ్నం నుంచి అది ఆగి ఉండాలి. ఆ లైన్ కట్టేస్తే, దిగేవాళ్లకు తీగలతో ప్రమాదం ఉండదు.

"దక్షిణం పంపు లైను బంద్ చెయ్," అన్నాడు. అవతలి మాటలు వింటూ నుదురు ముడిచాడు. సైరన్ హోరులో వినపడక, అవతలి మనిషిని గట్టిగా మాట్లాడమన్నాడు. అప్పుడు ఆ గొంతు మాకూ వినిపించింది.

"అది బంద్ లేదు సార్. నిన్నటి సంది నడుస్తనే ఉన్నది. ఇయ్యాల పొద్దున ఎనిమిదింటికి నేను డ్యూటీ ఎక్కిన సంది ఊకె ఆగుతుంది, మల్ల నడుస్తుంది. మీటరు ముల్లు పడుతుంది, లేస్తుంది. ఏదో ఫాల్టు అనుకొని రిజిస్టర్ల రాసిన."

"ఎట్ల ఆగుతుందో అడగండి సార్," సక్కుబాయి బల్ల మీదికి వంగింది. "ఎన్నిసార్లు ఆగుతుందో అడగండి."

మేనేజరు అడిగాడు.

"మూడు మాట్ల సార్. ఎంబడెంబడే మూడు మాట్ల ఆగుతది. ఎనుక ఒక పావుగంట సక్కగ నడుస్తది. మల్ల మూడు మాట్ల."

మేనేజరు ముఖంలో రంగు పోయింది. గనిలో పనిచేసే ఎవరికైనా తెలుసు. కింద నుంచి మూడుసార్లు గంట కొడితే, మనుషులు పైకి వస్తున్నారని అర్థం. అంతయ్య పని మానేసి ఏళ్లయినా ఆ లెక్క మరిచిపోలేదు. ఫోన్ లేని చోట, చేతికందిన స్విచ్చితో, పైన ఎవరైనా చూస్తారని పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. చూసిన మనిషి రిజిస్టర్‌లో ఫాల్టు అని రాసుకున్నాడు.

"లైన్ బంద్ చెయ్యకు!" సక్కుబాయి ఫోన్‌లోకే అరిచింది. "అది మా మామ. బంద్ చెయ్యకండ్రి. పంపు ఆగితే మామ మీదికి నీళ్లొస్తయి!"

"చెయ్య, చెయ్య," అన్నాడు అవతలి మనిషి కంగారుగా. "ఆగుండ్రి. పావుగంట అయింది. ముల్లు చూస్తున్న... ఇగో, పడ్డది. ఒకటి."

ప్రమోదిని సక్కుబాయి భుజం మీద చేయి వేశారు. మేనేజరు రిసీవర్‌ను చెవికి దూరంగా, మా అందరి మధ్యా పట్టుకున్నాడు.

"లేసింది. మల్ల పడ్డది. రెండు."

సైరన్ ఆగింది. మేం నలుగురం రిసీవర్ వైపే చూస్తున్నాం.

"ముల్లు లేస్తలేదు సార్," అంది ఆ గొంతు. "కిందనే ఉన్నది."